మోడల్ రూమ్‌లో నేను రాసిన దొంగ రీడింగులు

మా పాత రైల్వే ట్రైనింగ్ స్కూల్లో ఈమధ్యే చేరిన టెక్నీషియన్ పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. రిటైరైన వాళ్ల చేత తలా నాలుగు పేజీలు రాయించి చిన్న పుస్తకం వేస్తారట. ఏదన్నా సరదా సంగతి రాయండి మేడమ్ అని అడిగారు. సరే అన్నాను. నా సర్వీసులో సరదా సంగతులు లేకపోలేదు. మోడల్ రూమ్‌లోకి పిల్లి దూరి రెండు స్టేషన్ల మధ్య పట్టాల మీద పడుకుంటే, ట్రైనింగుకొచ్చిన ఒకతను లైను మూసుకుపోయిందని రూలు ప్రకారం కాగితం రాసిచ్చిన రోజు ఉంది. అదే రాద్దామని కూర్చున్నాను. రెండు రోజులు కూర్చున్నా అది కలం లోంచి దిగలేదు. దిగేది మా మేస్త్రిగారి సంగతే. అది సరదాది కాదు. అయినా మీటరు చేతబట్టుకుని బతికేవాళ్లు చదవాల్సింది అదేనేమో.

మోడల్ రూమ్ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కంప్యూటర్ తెరల మీద రైళ్లు నడపడం రాకముందు, కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లకు సిగ్నళ్లు వెయ్యడం, పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే రైలు పంపడానికి అనుమతి, తీసుకోవడం నేర్పడానికి ఒక పెద్ద హాలు ఉండేది. నడుమెత్తు బల్లల మీద చిన్న పట్టాలు పరిచి, ఆరు స్టేషన్లు కట్టి, వాటి మధ్య బొమ్మ రైళ్లు తిప్పేవాళ్లం. ఇంజన్లు ఐదు. ఒక్కోటి మూరెడు పొడుగు. లోపల పన్నెండు వోల్టుల మోటారు. పెట్టెలు మాత్రం కొండపల్లి బొమ్మలు చేసే ఒకాయన తేలిక కర్రతో చెక్కి ఇచ్చినవి. ఆ రంగు చూసి ట్రైనింగుకొచ్చిన వాళ్లు ముందు నవ్వేవాళ్లు. పది నిమిషాలకు ఆ బొమ్మ రైళ్ల ముందే చెమటలు పట్టి నిలబడేవాళ్లు.

మా నాన్న పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఆ కుటుంబానికి ఇచ్చే కోటా కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లమో చదివాను కాబట్టి ఈ హాల్లో వేశారు. తొంభైల మొదట్లో మాట. కంకిపాడు నుంచి బస్సులో వచ్చేదాన్ని. మొదటిరోజు గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు. బయటి దుమ్ము లోపలికొస్తే ఇంజన్ల పళ్లచక్రాలు అరిగిపోతాయని ఆ గదిలో ఎంత పెద్ద ఆఫీసరైనా వట్టికాళ్లతోనే నడవాలి. ఆ నియమం పెట్టింది మా మేస్త్రిగారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కళ్లద్దాలకు తాడు కట్టుకుని ఉండేవారు. వన్‌టౌన్‌లో రేకు డబ్బాలు చేసే సాయిబుల కుటుంబం వాళ్లది. బరువులు మోసే కలాసీగా చేరి, ఇంజన్ల షెడ్డులో మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకుని ఇక్కడి దాకా వచ్చారు. ఐదు ఇంజన్లూ ఆయన చేతుల్లో పుట్టినవే.

ఆయన దగ్గర కాలేజీ చదువు లేదు, నా దగ్గర పనితనం లేదు. మొదటి ఏడాదంతా ఆయన మాట్లాడింది తక్కువ. ఇంజన్ను పక్కనున్న టెస్ట్ ట్రాక్ మీద పెట్టి, కాసేపు నడిపి, తీసి, బొటనవేలు మోటారు మీద ఆనించేవారు. కళ్లు మూసుకునేవారు. "ఇది బాగుంది" అనో, "బ్రష్షులు అరిగినయ్" అనో అనేవారు. విప్పి చూస్తే అలాగే ఉండేది. ఒకసారి రెండు ఇంజన్లు వరసగా నా అరచేతిలో పెట్టి ఏది ఎక్కువ కరెంటు లాగుతుందో చెప్పమన్నారు. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. నవ్వి, నీకు మీటరు ఉందిలే అన్నారు.

మీటరు పని నాది. కంట్రోలరుకీ పట్టాలకీ మధ్య తీగ తెంపి అక్కడ ఆమ్మీటరు పెట్టాలి. ఇంజన్ మామూలుగా నడిచేటప్పుడు ఎంత కరెంటు లాగుతుందో ఒకసారి, చేత్తో మెల్లిగా ఆపి చక్రాలు పట్టాల మీద జారేటప్పుడు ఎంత లాగుతుందో ఇంకోసారి చూడాలి. మంచి ఇంజన్ మామూలు నడకలో అర ఆంపియరు లోపే లాగుతుంది. లోపల ఏదో పట్టేస్తున్నా, మోటారుకు కరెంటు అందించే బొగ్గు బ్రష్షు అరిగినా, తీగ ఒకచోట కాలినా ముల్లు పైకెక్కుతుంది. మోటారు తన బాధ చెప్పుకునే దారి అదొక్కటే. ఆ అంకెలు రోజూ పొద్దున రిజిస్టరులో రాసేదాన్ని. పక్క గడిలో మేస్త్రిగారు తన వేలి లెక్క ప్రకారం "బాగుంది" అని రాసి ఉర్దూలో సంతకం పెట్టేవారు. ఆరేడేళ్లపాటు నా ముల్లూ ఆయన వేలూ ఏనాడూ గొడవపడలేదు.

తరవాత ఒక వేసవిలో గొడవపడ్డాయి. మూడో నంబరు ఇంజన్ పెడితే ముల్లు ఆంపియరు దాకా పోయింది. నేను చెప్పేలోపే మేస్త్రిగారు మోటారు మీద వేలు పెట్టి, చల్లగా ఉంది, బాగుందని రాసేశారు. మీటరు పాడైందేమోనని ఇంకో మీటరు తెచ్చాను. అదీ అదే చూపించింది. ఆయన అటు తిరిగినప్పుడు మోటారు ముట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది.  పెద్దమనిషి, పరాకుగా ఉన్నారనుకున్నాను.

ఆ వారంలోనే అసలు సంగతి తెలిసింది. ఆయన తీగ అతుకుతున్నారు, నేను పక్కన కూర్చుని స్క్రూలు ఏరుతున్నాను. చర్మం కాలిన వాసన వచ్చింది. చూస్తే సోల్డరింగ్ ఐరన్ కాడకు కిందగా, ఎర్రగా కాగిన చోట ఆయన ఎడమచేతి వేలు ఆని ఉంది. ఆయన మాత్రం తీగ వంకే చూస్తూ పని చేసుకుంటున్నారు. నేను చెయ్యి పట్టి లాగేదాకా ఆయనకు తెలియలేదు.

అప్పుడు చెప్పారు. పదేళ్లుగా షుగరుందట. ఏడాదిగా వేళ్లు మొద్దుబారాయట. కాళ్లూ అంతేనట, నడుస్తూ నడుస్తూ చెప్పు జారిపోతే వెనక నుంచి ఎవరో పిలిచి ఇచ్చేదాకా తెలియదట. డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీదకెక్కుతుంది, అన్‌ఫిట్ అని రాసి స్టోర్సులో కుర్చీలో కూర్చోబెడతారు, ఈ గదిలోకి ఇంకెవరో వస్తారు అన్నది ఆయన భయం. రిటైర్మెంటు మూడేళ్లుంది.

"ఈ మూడేళ్లూ నన్ను ఇక్కడ ఉండనియ్యమ్మా. ఎవరికీ చెప్పమాక" అన్నారు.

నాకు పని నేర్పిన మనిషి. మా అమ్మకు బాగాలేనప్పుడు నెల రోజులు నా పని కూడా తనే చేసి, ఆ సంగతి ఎవరికీ తెలియనియ్యని మనిషి. చెప్పనని మాటిచ్చాను. అందులో తప్పేమీ కనపడలేదు నాకు. మంచిపనే చేస్తున్నానని నిజంగా అనుకున్నాను.

మాట ఇవ్వడం తేలికే. రిజిస్టరు ఉందిగా. ఒక గడిలో నేను పాయింట్ తొమ్మిది అని రాసి, పక్క గడిలో ఆయన బాగుందని రాస్తే ఎవరైనా ఏమిటిదని అడుగుతారు. అందుకని గంట ముందు బస్సుకు రావడం మొదలుపెట్టాను. ఆయన వచ్చేలోపు ఐదు ఇంజన్లూ మీటరు మీద చూసి, తేడాగా ఉన్నదాన్ని విప్పి, బ్రష్షులు మార్చి, ఇరుసులకు చుక్క నూనె వేసి పెట్టేదాన్ని. నా చేతనైనవి బాగయ్యేవి. తీగ కాలినవి నా వల్ల అయ్యేవి కావు. వాటిని తక్కువ స్పీడులో నడిపిస్తూ, రిజిస్టరులో పాయింట్ నాలుగు అని రాసేదాన్ని. మొదటిరోజు రాసేముందు రెండుసార్లు గుమ్మం వంక చూశాను. పదోరోజుకు చూళ్లేదు. ఆదివారం మా చర్చిలో చిన్నపిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పేదాన్ని. సోమవారం పొద్దున్నే వచ్చి పాయింట్ నాలుగు.

ఇలా రెండేళ్లు పైనే గడిచింది. ఆయనా నేనూ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఆయన వేలు పెట్టి కళ్లు మూసుకునేవారు, బాగుందనేవారు. నేను తలూపేదాన్ని. మేము మాట్లాడుకోని సంగతి ఒకటి మా ఇద్దరి మధ్యా బల్ల మీద మూడో మనిషిలాగా కూర్చుని ఉండేది. షుగరు మాత్రలు వేసుకుంటున్నారా అని అప్పుడప్పుడు అడిగేదాన్ని. వేసుకుంటున్నానమ్మా అనేవారు. అంతకు మించి అడగలేదు. ఆయన వేళ్లు పని చెయ్యకపోతే నేనున్నాను కదా అనుకున్నాను. కాళ్ల సంగతి నాకు తట్టనే లేదు.

ఆ ఏడు సికిందరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజంతా ఒక వంపు దగ్గర పట్టాలు పీకి కొత్తవి వేశాం. పట్టాలను బల్లకు బిగించేవి సన్నటి మేకులు, అర అంగుళం ఉంటాయి. ఊడ్చింది నేనే. బాగానే ఊడ్చాననుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే మేస్త్రిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చారు. ఆఫీసరు గారు రావడం పదకొండున్నర అయింది. వచ్చినాయన మంచివాడే. చిన్నప్పుడు తనకీ ఇలాంటి రైలుబండి కావాలని ఏడ్చేవాణ్ణని చెప్పి, అరగంటకు వచ్చినవాడు రెండు గంటలు ఉండిపోయాడు. ఇంజన్ ఎలా పరీక్ష చేస్తారో చూపించమని అడిగాడు. మేస్త్రిగారు ఇంజన్ను చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి, కళ్లు మూసుకుని, బాగుంది సార్ అన్నారు. నేను మీటరు పెట్టాను. పాయింట్ నాలుగే చూపించింది. తెల్లవారుజామున లేచి వచ్చి ఆ ఇంజన్ను నేనే బాగుచేశాను మరి. ఆఫీసరు గారు మేస్త్రిగారి భుజం తట్టి, నీ వేలు మీటరు కన్నా గొప్పదయ్యా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేస్త్రిగారు నా వంక చూళ్లేదు.

అందరూ భోజనాలకు వెళ్లాక హాలు సర్దుతున్నాను. తెల్లటి గచ్చు మాది. ఆయన పొద్దుటినుంచీ నిలబడ్డ చోటల్లా గోధుమరంగు మచ్చలున్నాయి. ముందు నూనె అనుకున్నాను. గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. ఆ మచ్చల వెంటే వెళ్తే గోడవార స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నారు ఆయన. కాలెత్తమన్నాను. ఎందుకమ్మా అంటూ ఎత్తారు. మడమలో మేకు తలదాకా దిగి ఉంది. ముక్కు పటకారు తెచ్చి పీకాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారే గాని, ఆయన మొహంలో ఏమీ లేదు. నాకే నొప్పి పుట్టి కళ్లనీళ్లొచ్చాయి.

ఇప్పుడే ఆస్పత్రికి వెళ్దాం రండి అన్నాను. ఈ ఒక్కరోజూ వద్దు, ఆఫీసరు ఊళ్లోనే ఉన్నాడు, రేపు మా వీధి డాక్టరుకు చూపించుకుంటాను అన్నారు. సరే అన్నాను. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని మందు పూసి గుడ్డ కట్టాను. ఆ రోజు నేను సరే అనకుండా ఉంటే ఎలా ఉండేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ప్రిన్సిపాల్ గారి గది ఇరవై అడుగుల్లో ఉంది. జీపు వాకిట్లో ఉంది. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క.

మర్నాడు చూపించుకున్నానన్నారు. నమ్మాను. నాలుగోరోజున మేజోళ్లు వేసుకుని వచ్చారు. మేజోళ్లు గచ్చు మీద జారతాయని మమ్మల్ని ఏనాడూ వేసుకోనియ్యని మనిషి. ఎందుకని అడిగితే చలిగా ఉందన్నారు. ఆరోరోజు ఆయన పక్కన నిలబడితే వాసన వచ్చింది. అప్పుడు ఇంక ఆయన్ని అడగలేదు. నేరుగా వెళ్లి ప్రిన్సిపాల్ గారికి కాలి సంగతీ, షుగరు సంగతీ చెప్పాను. ఆయన అప్పటికప్పుడు జీపులో ఆస్పత్రికి పంపారు. జీపెక్కేటప్పుడు మేస్త్రిగారు నన్ను ఒక్కసారి చూశారు. కోపంగా కాదు. బడికి వెళ్లనని మారాం చేసే పిల్లవాణ్ణి పంపించేస్తే చూస్తాడే, అలా.

ముందు పాదం దాకా తీస్తే చాలన్నారు. తరవాత మోకాలి కింద దాకా కాలు తీసేశారు.

పది రోజులకు చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య, ఎప్పుడూ బయటికి రాని మనిషి, వార్డు వరండాలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, నీ గురించి రోజూ చెబుతారమ్మా, లోపలికి పో అంది. లోపల ఆయన చిక్కిపోయి ఉన్నారు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. ఇంజన్ల కబుర్లు మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, చెయ్యెత్తి ఆపారు.

"ఏ మోటారూ ఏడాది పొడుగునా ఒకటే అంకె లాగదమ్మా" అన్నారు. "ఎండల్లో ఒకలా లాగుద్ది, వానల్లో ఒకలా లాగుద్ది. మనిషి లాగానే."

నేను రోజూ రాసిన పాయింట్ నాలుగు గురించే ఆయన అంటున్నారు. ఎప్పుడు చూశారని అడిగాను. నేను దొంగ అంకెలు మొదలుపెట్టిన నెలకే చూశారట. సంతకం పెట్టేవాడు పక్క గడి చూడడా అన్నారు. మరి నన్నెందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు మానేసేదానివి. మానేస్తే నేను ఆ గది వదిలి పోవాలి. నువ్వు నా కోసం రాశావు, నేనూ నా కోసమే ఊరుకున్నాను. తప్పు నీ ఒక్కదానిదే అనుకోమాక."

నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకున్నారు. ఇంతకు ముందు ఎన్నడూ అలా చెయ్యలేదు. కాసేపటికి, వేడిగా ఉందా చల్లగా ఉందా నీ చెయ్యి, చెప్పు అని అడిగారు. చల్లగా ఉంది మేస్త్రిగారూ అన్నాను. అలాగా అన్నారు.

ఇంటికి వెళ్లాక నాలుగు నెలలు బతికారు. కిడ్నీలు కూడా పాడయ్యాయన్నారు. రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలుండగానే పోయారు. ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు వన్‌టౌన్ సందులో మా స్కూలు వాళ్లం పాతికమందిమి నిలబడ్డాం. ఆడవాళ్లు వెంట వెళ్లరు కాబట్టి నేను వాళ్లింట్లోకి వెళ్లి ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఆయన కాలు చూపించుకోలేదని తనకు ముందే తెలుసని, మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని, డాక్టరుకు కాలు చూపించుకున్నానని అందరికీ చెప్పారని నెమ్మదిగా చెప్పింది. తనూ నమ్మినట్టే ఉన్నానంది. మొత్తానికి ఆ మనిషి చుట్టూ ఉన్న ప్రేమగలవాళ్లమంతా కలిసి ఆయనకు ఆయన అడిగిందల్లా ఇచ్చాం.

నెలరోజుల తరవాత, ఆ రెండేళ్లలో నిండిన రిజిస్టర్లు రెండూ పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లాను. రెండేళ్ల పైచిలుకు రీడింగులు నేను కల్పించి రాశానని, ఏ శిక్ష వేసినా సరేనని చెప్పాను. ఆయన కూర్చోమన్నారు. రిజిస్టరు తెరిచి నాలుగు పేజీలు తిప్పారు. మూసి నా వైపు జరిపారు.

"నేనొచ్చి నాలుగేళ్లయింది. ఈ పుస్తకం ఇవాళే చూడ్డం. నాకు ముందు చేసినాయన కూడా చూసి ఉండడు. బొమ్మ రైళ్ల కరెంటు ఎవరడుగుతారమ్మా? ఇప్పుడిది పైకి పంపితే పోయిన మనిషి పేరు పాడవడం తప్ప ఏం లేదు. తీసుకెళ్లి బీరువాలో పెట్టేయండి" అన్నారు.

ఆయన దయగానే అన్నారు. నేను రిజిస్టర్లు తీసుకుని మళ్లీ మోడల్ రూమ్‌కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఎవరో చూస్తారని, ఎవరో పట్టుకుంటారని రెండేళ్లు తెల్లవారుజామునే లేచి పరిగెత్తుకొచ్చాను. అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ పుస్తకం చదివింది ఒక్క మనిషి. నేను ఉన్నదున్నట్టు రాసి ఉంటే అదీ ఆయనే చదివేవారు. తను బాగుందని రాసిన గడి పక్కనే పాయింట్ తొమ్మిదీ, ఆంపియరూ రోజూ కనపడుతుంటే, పనంటే ప్రాణం పెట్టే ఆ మనిషి ఎన్నాళ్లు సంతకం పెట్టగలిగేవారు? ఒకనాటికి తనే లేచి డాక్టరు దగ్గరికి పోయేవారేమో. పోయేవారు కాదేమో. ఆ అవకాశం మాత్రం నేను ఆయనకు ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఐదు ఇంజన్లూ ఒక్కొక్కటే పట్టాలెక్కించి, ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకె రాశాను. రెండు బాగున్నాయి. మూడు బాగాలేవు.